పాపం అనని ఆపా

మా రేడియో ఆపా పోయారని నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఆ సాయంత్రమే మస్కట్ పక్కనున్న అమెరాత్ ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చారు. మగవాళ్లు లోపలికి వెళ్లారు, నేను బయట కారులో కూర్చుని ఏడ్చాను. ఆ కన్నీళ్లు ఆరకముందే మా స్టేషన్ మేనేజర్ గారు, "ఓ వారం ఆవిడ పాత ఇంటర్వ్యూలు వేద్దాం. తర్వాత ఆ టైముకి సినిమా పాటలు పెట్టేద్దాం" అన్నారు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది దుఃఖంతో మాత్రమే కాదు, ఆ మాట మీద వచ్చిన కోపంతో కూడా.

వినని వారి కోసం చెబుతాను. మస్కట్‌లో మాదొక చిన్న తెలుగు ఇంటర్నెట్ రేడియో. రోజూ సాయంత్రం, సైట్ల నుంచి జనం రూములకు చేరే వేళకు, ఆపా కార్యక్రమం వచ్చేది. ఇక్కడ జరిగే ఆటపాటలు, నాటకాలు చూసొచ్చి ఎలా ఉన్నాయో చెప్పేవారు. చేసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేవారు. రికార్డింగ్ పని నాది. ఆవిడది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మైకు ముందు తెలుగు. మా అందరికీ ఆపా, అంటే అక్క. పాలు లేకుండా అల్లం వేసిన సులేమానీ టీ ఒక గుక్క తాగనిదే గొంతు విప్పేవారు కాదు.

ప్రోగ్రాములకు పిలిస్తే టికెట్ కొనుక్కునే వెళ్లేవారు. సన్మానం అంటే ఆమడ దూరం. "శాలువా కప్పించుకుంటే నోరు గూడా కప్పుకోవాల్సొస్తాది" అనేవారు.

ఒక శుక్రవారం అమెరాత్‌లోని ఒక లేబర్ క్యాంపులో జగిత్యాల వైపు మేస్త్రీలు ఒగ్గు కథ చెప్పారు. డోలు దొరక్క నీళ్ల డ్రమ్ము వాయించారు. తెలుగు సంఘం పెద్ద ఒకాయన లేచి, "పాపం, పగలంతా ఎండలో పనిచేసి కూడా ఎంత చక్కగా చెప్పారో" అని చప్పట్లు కొట్టించాడు. ఆపా కొట్టలేదు. మర్నాడు రేడియోలో కథకుడి గొంతును మెచ్చుకుని, వంత పాడేవాళ్లు అతని మాట పూర్తికాకముందే అందుకుంటున్నారని, కథ మధ్యలో హాస్యం ఎక్కువై అసలు సంగతి పలచబడిందని చెప్పేశారు.

"వాళ్లకీ ఇలా చెప్పాలా ఆపా?" అన్నాను.

"పెద్ద హాల్లో పాడేటోళ్లకు చెప్తాం కదా, వీళ్లేమన్నా తక్కువా? పాపం అన్నామంటే వాళ్ల కథ మనం విన్లేదని అర్థం."

ఆ కథకుడు ఫోన్ చేశాడు. తిడతాడేమోనని భయపడుతూనే ఎత్తాను. "మేడమ్, ఆపాకు చెప్పుండ్రి. వచ్చే శుక్రారం మళ్ల రమ్మనుండ్రి. వంత సక్కగ జేసుకుంటున్నం" అన్నాడు. వెళ్లాం. వంత నిజంగానే కుదిరింది. ఆపా ఆ మాటా రేడియోలో చెప్పారు.

ఇంకోసారి మా రేడియోకి ప్రకటనలిచ్చే వ్యాపారి గారమ్మాయి నాట్యం చేసింది. ముఖంలో భావం బాగా పలికింది గానీ అడుగు తాళం మీద నిలవలేదని, ఇంకా సాధన కావాలని ఆపా అన్నారు. మేనేజర్ గారికి చెమటలు పట్టాయి. మర్నాడు క్షమాపణ చెప్పాల్సిందేనన్నారు. ఆపా బుద్ధిగా తలూపి మైకు ముందు కూర్చున్నారు. "నిన్నటి సమీక్షలో పొరపాటు జరిగింది, క్షమించండి. వయొలిన్ వాయించినాయన గురించి ఒక్క మాటా చెప్పలేదు. చాలా బాగా వాయించారు." అంతే. వెంటనే ఆ రోజు ఇంటర్వ్యూలోకి వెళ్లిపోయారు. నేను నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాను.

అలాంటి మనిషికి మొన్న సంతాప సభ పెట్టారు. వచ్చినవాళ్లంతా పాపం అన్నవాళ్లే. పాపం ఒంటరి మనిషి, పాపం జీతం లేకుండా చాకిరీ చేసింది. ఆవిడ ఏం విన్నారో, ఏం చెప్పారో ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు సాయంత్రం పాత ఇంటర్వ్యూ వేయాల్సిన సమయానికి నేనే మైకు తెరిచాను. "నిన్నటి సంతాప సభ సమీక్ష" అని మొదలుపెట్టాను. ఉపన్యాసాల్లో ఉపన్యాసకులే ఎక్కువగా ఉన్నారనీ, ఆపా ఎక్కడా కనబడలేదనీ చెప్పాను. ప్రార్థన పాడిన కుర్రాడిది మంచి గొంతు, శ్రుతి పెట్టె మాత్రం చాలా పెద్దగా మోగింది అన్నాను. ఈ కార్యక్రమం రేపూ ఉంటుందని చెప్పి ముగించాను.

బయటికి రాగానే మేనేజర్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఎవర్ని అడిగి చేశావమ్మా?"

"ఆపా ఎవర్ని అడిగేవారు సార్?"

ఇంతలో ఫోన్ మోగింది. అమెరాత్ క్యాంపు నుంచి ఆ ఒగ్గు కథకుడు.

"మేడమ్, ఫోన్ అన్నం గిన్నెల పెట్టి పెద్దగ వినబడేటట్టు జేసుకొని రూమోళ్లందరం విన్నం. నడుమల మీ గొంతు వణికింది. రెండు మూడు మాటలు మింగిన్రు. ఆపా అయితె ఊకునేది కాదు."

"అవునన్నా. వణికింది."

"రేపు ఎవల గురించి చెప్తరు?"

అతని వెనక రూములో మాటలు ఆగిపోయాయి. నా జవాబు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు.