పక్కింటి అక్కకు కట్టిన డబ్బా

నా చిన్నప్పుడు, ఐర్లండ్‌లోని స్లైగోలో బడులు మూసి తెరిచిన ఆ మహమ్మారి రోజుల్లో, మూడు వారాలపాటు నా లంచ్ తిన్నది సీగల్ పిట్టలు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. జనవరిలో అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. ఏప్రిల్‌లో స్కూల్ తెరిచారు.

నాన్నకు వంట రాదు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటూ, పొద్దున్నే జామ్ రాసిన రెండు బ్రెడ్డు ముక్కలు కట్టి ఇచ్చేవాడు. ఎదిగే పిల్లకు అవి ఏ మూలకు? వాటినీ నేను స్కూల్ గేటు బయటే పిట్టలకు వేసేదాన్ని. ముద్ద గొంతు దిగేది కాదు. స్కర్టు నడుము జారిపోతుంటే పిన్నీసు పెట్టుకున్నాను. ఎవరడిగినా ఇక్కడివాళ్ల మాటలోనే "ఐయామ్ గ్రాండ్", బాగానే ఉన్నానని తప్పించుకునేదాన్ని. సాయంత్రం ఖాళీ డబ్బా చూసి నాన్న తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వరంగల్‌లో డాక్టరీ చదివి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసేది. అమ్మ పోయినప్పుడు ఆ వార్డులో డ్యూటీ ఆమెదే. నాన్నా నేనూ ఫోన్‌లో చూస్తుంటే, అమ్మ చేయి పట్టుకుని నిలబడింది ఆమే. ఆ చేతులకు మొక్కాల్సింది పోయి, నేను ఆమె మీద పగబట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, దేవుడి మీద కోపం ఆమె మీద చూపించాను. ఎదురుపడితే ముఖం తిప్పుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున, రాత్రి డ్యూటీ దిగి వస్తూ, నేను పిట్టలకు బ్రెడ్డు వేయడం ఆమె చూసింది. నాన్నకు చెబుతుందని భయపడ్డాను. చెప్పలేదు. ఆ సాయంత్రం పెరటి గోడకు అవతల, దూరంగా నిలబడి, "నాకొక పని చేసిపెడ్తవా?" అని అడిగింది.

"రేపటి సంది పగటిపూట పన్నెండు గంటల డ్యూటీ. మాస్కు తీసి తినేటందుకు పది నిమిషాలు దొరుకుతది. వేడి చేసుకునుడు కుదరదు. మధ్యాహ్నం తింటే మళ్లీ ఇంటికొచ్చేదాక ఆకలి కావద్దు. అసొంటి డబ్బా కట్టియ్యి."

పగ ఉన్నా కాదనలేకపోయాను. ఆకలి అన్న మనిషికి అన్నం పెట్టనని ఏ నోటితో అంటాను? మర్నాడు పెందలాడే లేచి, అమ్మ చేస్తుండగా చూసిందే గుర్తు చేసుకుని, ఉడికించిన శనగలు కలిపి పులిహోర చేశాను. రుచి మాత్రం చూడలేదు. దేవుడి పటం ముందు పెట్టనిదే అమ్మ ఏ వంటా నోట పెట్టేది కాదు, చేతి లెక్కతోనే ఉప్పు వేసేది. నేనూ అలాగే వేశాను. ఆ లెక్క నాకెక్కడిది?

సాయంత్రం కడిగిన డబ్బా గోడ మీద పెట్టి, "ఉప్పెక్కువైంది" అంది అక్క. గుడ్డు పొరటు చుట్టిన చపాతీలు పంపితే, "ఉప్పు సరిపోలె" అంది. దానిమ్మ గింజలు వేసి పెరుగన్నం పంపితే, పొద్దున ఉన్న ఉప్పు వేరు, మధ్యాహ్నానికి మారే ఉప్పు వేరని కొత్త సంగతి చెప్పింది. "నువ్వు గూడ అదే డబ్బా తీస్కపో. నేను తినే టైముకే తిని చూడు. అప్పుడు తెలుస్తది."

నాకు రోషం వచ్చింది. మరుసటి రోజు ఒకే వంట రెండు డబ్బాల్లో సర్దాను. జబ్బు భయంతో కిటికీలన్నీ తెరిచిపెట్టిన క్లాసులో, కోటు విప్పకుండా నా డెస్కు దగ్గరే కూర్చుని, ఉప్పు చూడటానికని ఒక స్పూను నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గానే ఉంది. నమ్మకం కుదరక ఇంకో స్పూను తిన్నాను. డబ్బా సగమయ్యేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ లేకుండా అన్నం తింటున్నానని, అది రుచిగా కూడా ఉందని. ఏడుస్తూనే మిగతాదీ తిన్నాను.

సెలవులిచ్చేదాకా అలా రెండు డబ్బాలు కట్టాను, తర్వాత నాన్నకూ ఒకటి.

జూలైలో ఇక్కడి కుర్ర డాక్టర్లకు ఊళ్లు మారతాయి. అక్క వెళ్లిపోయే రోజు గోడ దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లూ నా వంటకు పెట్టిన వంకలన్నీ అబద్ధాలని ఒప్పుకుంది. జనవరిలో ఆ జబ్బు తనకూ వచ్చిందట. "అప్పటి సంది నాకు ఉప్పు తెల్వదు, కారం తెల్వదు. ఏది తిన్నా మట్టి లెక్కనే ఉంటది. తినబుద్ధిగాక ఎన్నో పూటలు పస్తే ఉన్న. నువ్వు కట్టిచ్చినవని తిన్న" అంది.

ఎవరి మీద పగబట్టానో ఆ మనిషీ నాలాగే పస్తులుందని, ఆ నిమిషం దాకా నాకు తట్టనే లేదు.

అమ్మ మీది దిగులు వయసుతో పాటు తగ్గుతుందన్నారు. తగ్గలేదు, అలవాటైంది. ముసలిదాన్నైన ఇప్పుడు, మా ఇంట్లో మనవలెవరైనా ముఖం వేలాడేసుకుని, ఆకలి లేదంటూ కంచం ముందు నుంచి లేచిపోతే, తినమని బతిమాలను. కాసేపాగి, నేను అప్పుడే కడుపు నిండా తిని ఉన్నా సరే, వాళ్లను వంటింట్లోకి పిలిచి, "నాకు ఆకలేస్తోందమ్మా, కాస్త ఏదైనా చేసిపెడతావా?" అంటాను.