వారం నుంచి ఆగిన సర్వర్, ఆగని మిర్చి రేట్లు

ఎనుమాముల మార్కెట్ల, రైతుల మిర్చి కమీషన్ మీద అమ్మిపెట్టే మా మామ అడ్తి దుకాణంల నేనే సర్వర్ పెట్టిన. రోజూ మిర్చి రేటు రైతుల వాట్సప్‌కు దానంతటదే పోతది. ఇయ్యాల లాగిన్ అయి చూస్తే, పోయిన వారం నేను అప్‌డేట్ చేసినకాడి నుంచి ఒక్క మెసేజ్ పోలే! రైతులు తిడతరని దుకాణానికి ఉరికిన.

"రేటు రోజూ వస్తనే ఉంది గదా" అన్నడు నర్సంపేట రైతు.

ఎట్ల? ముసలి గుమస్తా సాంబయ్య కాక రెండు వందల మందికి ఒక్కొక్కలకు టైపు చేసి పంపుతాండట!

"నాకెందుకు చెప్పలే కాకా?"

"నీ మిషన్‌కు పానం బాగలేదనుకున్న బిడ్డా. అది లేశేదాంక నేన్ జేద్దమని."

మీ ఆఫీసుల గిసొంటి కాక ఉన్నడా? సర్వర్ ఆగితే అలర్ట్ వచ్చేటట్టు ఇప్పుడే పెట్టిన. అండ్ల మొదటి నంబర్ నాది కాదు, కాకది.