అత్తగారితో కొండపల్లి కొండెక్కిన రోజు

మొన్న ఆదివారం మా మనవరాలూ దాని భర్తా పొద్దున కాఫీ తాగి కారులో కొండపల్లి కోటకి వెళ్ళి, నేను మధ్యాహ్నం భోజనానికి కూర్చునే వేళకి తిరిగి వచ్చేశారు. కొండ మీద దాకా రోడ్డు వేశారట, కారు కోట దగ్గరే ఆగిందట, పైన గాలి బాగుందట. ఫోనులో ఒక్కొక్క ఫొటోనే వేలితో జరుపుతూ అది చూపిస్తుంటే, నేను ఆ గోడలూ బురుజులూ చూడడం మానేసి, వాటి సందుల్లోంచి కిందకి దిగే పాత కాలిదారి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుక్కున్నాను. కనిపించలేదు. ఏం వెతుకుతున్నావని మనవరాలు అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ఆ మధ్యాహ్నం నాకు కునుకు పట్టలేదు. నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి విడమరచి చెప్పనక్కరలేదు. మా రోజుల్లో బెజవాడలో ఒక ఇంటి కోడలు ఒక్క పగలు గడప దాటి కొండ చూసి రావాలంటే, ఆ కొండ కంటే ముందు ఎక్కవలసినవి చాలా ఉండేవి.

నా పుట్టిల్లు చల్లపల్లి దగ్గర మగ్గాల ఊరు. నేల అంతా అరచేతిలా చదును. మా ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైనది గడ్డివామే. అటువంటి దాన్ని, యుద్ధం రోజుల్లో పెళ్ళి చేసుకుని బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు వారింటికి కోడలిగా వచ్చాను. దుర్గమ్మ కొండ మా పెరట్లోకి తొంగి చూస్తున్నట్టే ఉండేది, కాని ఆ రాళ్ళు పగలంతా తాగిన ఎండని చీకటి పడ్డాక మా మీదకి కక్కేవి. ఇంటినిండా మనుషులు. మా వారు పొద్దున లేస్తే మామగారి వెనక కొట్టుకి వెళ్ళిపోయేవారు. నలుగురిలో నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు, గొంతు సవరించుకుంటే అది నన్నేనని అర్థం చేసుకోవాలి. పెళ్ళయి రెండో ఏడు నడుస్తున్నా పగటి వెలుతురులో ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగను.

మా పక్కింటావిడ భర్తకి రైల్వేలో ఉద్యోగం. ఆవిడ ఒకసారి భర్తతో కొండపల్లి వెళ్ళి వచ్చి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నాకు ఆ ముచ్చటంతా చెప్పింది. దొరలకి ఊటీ ఉంటే మనకి కొండపల్లి ఉందని, పొద్దున పాసింజరెక్కి సాయంత్రం బండికి తిరిగి రావచ్చని, కొండ మీద పాత మహలు గోడ నీడన కూర్చుని తెచ్చుకున్న అన్నం తింటుంటే గాలికి విస్తరాకు ఎగిరిపోయిందని చెప్పింది. ఆ ఎగిరిపోయిన విస్తరాకు నా మనసులో నాటుకుపోయింది. విస్తరి ఎగిరేంత గాలిలో మా వారి పక్కన ఒక్క పూట కూర్చోవాలని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. పట్టుదల మా పుట్టింటి వాళ్ళ నుంచి నాకు వచ్చిన ఆస్తి. పోగు తెగితే ముడి వేసి నేస్తారే గాని మగ్గం దిగరు మా వాళ్ళు.

మా వారితో చెప్పాను. ఆయన మంచివారు, కాదనడం తెలియని మనిషి, అయితే అవుననడం కూడా తెలియదు. అమ్మతో చెబుతానన్నారు. దసరా ముందు అన్నారు, దసరా అయ్యాక అన్నారు, కార్తీకం వచ్చినా అమ్మతో చెప్పనేలేదు. ఇక లాభం లేదని నేనే వెళ్ళి అడిగాను.

మా అత్తగారిని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆవిడ గొంతు పెంచి ఎవరినీ మందలించగా నేను వినలేదు. పెంచవలసిన అవసరం రాలేదు. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. దుర్గమ్మ గుడికి వెళ్ళడం ఎప్పుడో మానేసి శుక్రవారం నాడు వీధిలో నిలబడి కొండకేసి దణ్ణం పెట్టుకునేవారు. వంటింటికీ సావిడికీ మధ్యనే ఆవిడ లోకం. ఆ రోజు దీపాలకి వత్తులు చేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. కొండపల్లి కొండ చూడాలని ఉంది, పంపించమని అడిగాను. ఆవిడ తల ఎత్తలేదు.

"ఎవరెవరు వెళ్తారు?"

"మేమిద్దరమేనండీ అత్తయ్యగారూ."

చేతిలో వత్తి ఒకటి, దాని తరవాత ఇంకొకటి పూర్తయ్యాయి. నా కాళ్ళు వణుకుతున్నాయి, అయినా కదలలేదు. చివరికి, చూద్దాంలే వెళ్ళు, అన్నారు. ఆ తరవాత చాలా రోజులు ఆ ఊసే లేదు. ఒక వారం కొట్టుకి సరుకు రాలేదు, నూలు దొరక్క మగ్గాలన్నీ ఆగిన కాలం అది, మామగారు దిగాలుగా భోజనానికి కూర్చున్నారు. ఆయనకి మజ్జిగ వడ్డిస్తూ అత్తగారు, కొట్టులో ఎలాగూ పని లేదు గనక అబ్బాయీ కోడలూ కొండపల్లి వెళ్ళి వస్తారనీ, వాళ్ళ వెంట తనూ వెళ్తున్నాననీ చెప్పారు. ఈ మోకాళ్ళతోనా అని మామగారు ఆశ్చర్యపోయారు. ఆవిడ ఇంకొంచెం మజ్జిగ పోశారు.

తలుపు వెనక నించున్న నా సంగతి చెప్పాలా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మమ్మల్ని కనిపెట్టి ఉండడానికే వస్తున్నారనుకున్నాను. మానేద్దామా అన్న ఆలోచన ఒక ఘడియ వచ్చిన మాట నిజమే, కాని అంత ధైర్యం చేసి అడిగి తెచ్చుకున్న రోజును అలిగి పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. ఎవరు వస్తే వచ్చారు, కొండ మాత్రం చూసి తీరాలి అనుకుని, తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం చేసి క్యారియర్ సర్దాను.

బండి సిపాయిలతో కిటకిటలాడిపోతోంది. అత్తగారూ నేనూ ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కాము, మా వారు ఎక్కడో వెనక పెట్టెలో వేలాడుతూ వచ్చారు. అంటే రైల్లో కూడా ఆయన పక్కన కూర్చునే యోగం లేదు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని దారి పొడుగునా బయటకే చూశారు.

కొండపల్లిలో దిగి, బొమ్మలు చేసే వీధి దాటి కొండ కిందకి చేరాము. తలెత్తి చూశాను. అంత ఎత్తు నేను అనుకోలేదు. అప్పుడు అత్తగారు, ఒక బొమ్మలవారి ఇంటి అరుగు చూసుకుని, తను ఇక్కడ కూర్చుంటాననీ మమ్మల్ని పైకి వెళ్ళి రమ్మనీ అన్నారు. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఆవిడ మనసు మారుతుందేమోనని భయపడ్డట్టు గబగబా నడిచాను.

అయితే మా వారు ఆ ప్రయాణం కోసం కొత్త కిర్రు చెప్పులు కొనుక్కున్నారు. వానలకి దారి కొట్టుకుపోయి అంతా గులకరాళ్ళు. సగం దారైనా ఎక్కకముందే ఆయన మడమలు బొబ్బలెక్కి రక్తం చిమ్మాయి. చెప్పులు విడిచి నడుద్దామంటే పల్లేరుకాయలు. ఒక బండ మీద కూలబడి, ఇక తన వల్ల కాదనీ, అమ్మ ఒక్కతే కింద ఉందనీ, ఇక్కడ కూడా గాలి బాగానే వస్తోందనీ మెల్లగా చెప్పుకొచ్చారు. పైకి చూశాను. కోట గోడ చెట్ల మధ్య కొంచెమే కనిపిస్తోంది. ఒక్కదాన్ని వెళ్ళలేను, వెనక్కి దిగడానికి మనసొప్పదు. అలా ఎంతసేపు నిలబడ్డానో, కింద మలుపులో చప్పుడైతే తిరిగి చూశాను.

మా అత్తగారు ఎక్కి వస్తున్నారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి రాళ్ళ మీద ఆనించి, అడుగు తరవాత అడుగు వేస్తూ వస్తున్నారు. ముఖమంతా చెమట. మా వారు కంగారుపడి లేవబోయారు. ఆవిడ కొడుకు కాళ్ళకేసి చూసి, నా ముఖంకేసి చూసి, ఊపిరి కూడదీసుకున్నారు.

"నువ్వు కూర్చో నాయనా. నేనూ కోడలూ వెళ్ళొస్తాం."

ఆయన వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నారు, మేము మలుపు తిరిగిపోయాము. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. కాపురానికి వచ్చాక ఆవిడ చెయ్యి నా మీద పడడం అదే మొదటిసారి. బరువైన చెయ్యి. కొంతదూరం పోయాక ఆవిడ మోకాలు బిగుసుకుపోయి అడుగు పడలేదు. కూర్చోబెట్టి పిక్కలు నొక్కాను. నా పంతం కోసం ఈ పెద్దావిడకి ఏమైనా అయితే మామగారికి ఏం చెప్పుకోవాలి అని భయం పట్టుకుంది. దిగిపోదామండీ, నాకు ఇక్కడిదాకా చాలు, అన్నాను.

"దిగినా ఇంతే నొప్పి. అదేదో ఎక్కితే పోలా?" అని ఆవిడ నా భుజం పట్టుకుని లేచారు.

కట్టెలమోపులతో సీతాఫలాల గంపలతో ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. ఇంకెంత దూరమమ్మా అని అడిగితే ఇదుగో ఈ మలుపేనన్నారు. ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపు. ఒకావిడ మా అవస్థ చూసి జాలిపడి మా కొంగుల్లో నాలుగు పళ్ళు వేసి పోయింది. ఇంకో చోట ఆగినప్పుడు అత్తగారు, నన్ను చూడకుండా లోయకేసి చూస్తూ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఆ గొంతుతో సహా గుర్తున్నాయి.

"కొత్తల్లో నాకూ ఎటైనా వెళ్ళాలనుండేది. అడగలేదు. అడిగితే మీ మామగారు తీసుకెళ్ళేవారేమో, ఆ సంగతి కూడా నాకు తెలియదు. నువ్వు వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగావు. అడిగినదాని వెనకన్నా వద్దామనిపించింది."

రైలు కిటికీలోంచి అంతసేపు ఆవిడ ఎందుకు కళ్ళార్పకుండా చూశారో అప్పటికి తెలిసింది. కనిపెట్టి ఉండడానికి వస్తున్నారనుకున్న నా తెలివికి నేనే సిగ్గుపడి, ఈవిడను పైకి చేర్చకపోతే నేను మగ్గంవారి ఆడపిల్లను కాదనుకుని, ఆవిడ నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. మాటలకి ఊపిరి లేదు. ఒక రాయి, దాని పైన ఇంకో రాయి, అంతే మా లోకం.

పైకి చేరాము. పెద్ద దర్వాజా దాటి లోపలికి అడుగు పెట్టగానే గాలి మమ్మల్ని వెనక్కి నెట్టినంత పని చేసింది. కూలిన మహలు గోడల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. దక్షిణపు గోడ దగ్గరకి వెళ్ళి చూస్తే కింద కృష్ణ ఇసుకతిన్నెల మధ్య పాయలుగా మెరుస్తోంది, దానికి అవతల వరిచేలు గళ్ళ తువ్వాలు ఆరేసినట్టు కంటికి ఆనినంత మేరా పరుచుకున్నాయి. అటు దూరంగా ఎక్కడో చల్లపల్లి, మా అమ్మ. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకుని మన ఇల్లు ఎటు అని అడిగారు. దుర్గమ్మ కొండ చూపించాను. మా పెరటి మీద అంత పెత్తనం చేసే కొండ అక్కడ నుంచి చీమల పుట్టంత ఉంది.

"ఇంతేనటే మన ఊరు?" అని ఆవిడ నవ్వారు.

ఆవిడ అలా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. గాలికి ముడి ఊడిపోయి నెరిసిన జుట్టంతా ముఖం మీద పడుతున్నా సవరించుకోలేదు. అన్నం క్యారియర్ కింద మా వారి దగ్గరే ఉండిపోయింది. మగవాళ్ళు తినకముందు మెతుకు ముట్టని మనిషి, గోడ మీద కాళ్ళు జాపుకుని కూర్చుని, సీతాఫలం విప్పి, సగం నా చేతిలో పెట్టి సగం తను తిని, గింజలు గాలిలోకి ఊసి అవి ఎంత దూరం పోతాయో చూశారు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. అయినా ఆవిడ ఒక్కసారి కూడా అమ్మో అనలేదు. సగం దారిలో మా వారు వట్టి కాళ్ళతో కుంటుకుంటూ ఎదురువచ్చారు, చెప్పులు క్యారియర్‌కి కట్టేసుకున్నారు, ఆకలికి ముఖం పీక్కుపోయింది, క్యారియర్ మాత్రం విప్పలేదు. రెండో వైపు ఆయన పట్టుకున్నారు. కిందకి చేరి ఆ అరుగు మీదే ముగ్గురమూ అన్నాలు తిన్నాక, బండికి ఇంకా వ్యవధి ఉంటే, అత్తగారు స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని, మీరిద్దరూ వెళ్ళి ఏదైనా బొమ్మ కొనుక్కురండి అన్నారు. ఆ వీధిలో పట్టపగలు మా వారి పక్కన నడిచాను. పైన ఏముంది అని ఆయన అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి చెబుతూనే ఉన్నాను, ఆయన మధ్య మధ్య అడుగుతూనే ఉన్నారు. బొమ్మ కొనడం ఇద్దరికీ గుర్తులేదు. వట్టి చేతులతో తిరిగి వస్తే అత్తగారు చూసి కూడా అడగలేదు.

ఇంటికి వచ్చాక ఆవిడ చాలా రోజులు మంచం దిగలేదు. ఆముదం కాచి మోకాళ్ళకి రాసేదాన్ని. మామగారు సణిగితే నవ్వి ఊరుకునేవారు. పైన ఏముందని ఇరుగుపొరుగు అడిగితే, గాలి, అనేవారు, అంతే. ఆ తరవాత ఆవిడ మారిపోయారని నేను చెప్పను. వంటింట్లో ఆవిడ మాటే మాట, నా కూరలో ఉప్పు ఎప్పుడూ తక్కువే. కాని మా ఆడపడుచు నర్సు చదువుకి వెళ్తానని పట్టుబట్టి ఇంట్లో అందరూ కాదన్ననాడు, అడిగింది కదా, వెళ్ళనివ్వండి, అన్నది ఆవిడే. మళ్ళీ ఏ కొండా ఎక్కకుండానే ఆవిడ వెళ్ళిపోయారు.

ఇప్పుడు పిల్లలు ఎవరినీ అడగక్కరలేదు. తలచుకుంటే బయలుదేరతారు, అది నాకు సంతోషమే, ఎన్ని గడపల దగ్గర ఎన్ని కాళ్ళు వణికితే ఈ రోజు వచ్చిందో నా ఈడు వాళ్ళకి తెలుసు. కొండ మీద నుంచి చూస్తే ఇబ్రహీంపట్నం వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయట, చేల మధ్య మేడలు లేచాయట. లేవనీ. నా వరకు నాకు మిగిలింది ఒక చిన్న లోటు. పిల్లలు స్థిరపడ్డాక, మా వారు రిటైరైన మనిషిలా కొట్టు అప్పగించేశాక, ఆయనా నేనూ నిజం ఊటీకే వెళ్ళాము. చెరువు ఒడ్డున, చలిలో, శాలువా కప్పుకుని, పక్కపక్కన కూర్చున్నాము. మమ్మల్ని చూసే వాళ్ళు లేరు, అడిగే వాళ్ళు లేరు. పదిహేడేళ్ళ వయసులో నేను కోరుకున్నది అచ్చంగా అదే. బాగుందా అని ఆయన అడిగారు. చాలా బాగుందన్నాను. అంటూనే, అత్తయ్యగారు ఉంటే ఏమనేవారో అని పక్కకి తిరిగి చూశాను. ఆయన కూడా అటే చూస్తున్నారు.