తెల్లసారు గోలీ, నా గోలీ

ఆయిల్ డబ్బుతో దోహాలో టవర్లు లేస్తున్న రోజులవి. నేను ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పనిచేసేదాన్ని. కిడ్నీ మార్పిడి చేయించుకున్న, నిర్మల్ నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన నెలనెలా వచ్చి, నేనిచ్చిన మాత్రను వెలుతురుకేసి పట్టి చూసేవాడు.

"మేడం, మా కంపెనీ తెల్లసారుకు గూడ గిదే గోలీనా? తోలు జూసి వేరేది ఇస్తలేరు గదా?"

తెల్లసారంటే వాళ్ళ కంపెనీ ఇంజనీరు. ఆయనకూ ఈయనకైన నెలలోనే కిడ్నీ ఆపరేషన్ అయింది. ఇద్దరికీ మందు ఒకటేనని ఎన్నిసార్లు చెప్పినా ఈయన నమ్మేవాడు కాదు. నాకు ఒళ్ళు మండేది.

ఏడాది తిరక్కుండానే మేస్త్రీ కొత్త కిడ్నీ మొరాయించింది. ఇంజనీరు మాత్రం టెన్నిస్ ఆడుతున్నాడు. ఈసారి అనుమానం నాకొచ్చింది.

"మాత్రలు మానేశారు కదూ? నిజం చెప్పండి."

"ఒక్క పూట తప్పలే మేడం. డ్యూటీల గూడ నా మీదనే ఉంటయి."

డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. హెల్మెట్ తీసి, లోపలి పట్టీ కింది నుంచి మాత్రల షీటు లాగి ఇచ్చాడు. ఎండకు మాత్రలన్నీ మెత్తబడి రేకుకు అంటుకుపోయాయి. చల్లనిచోట ఉంచాలని డబ్బా మీద ప్రతినెలా రాసింది నేనే.

"వేడికి మందు పాడైపోయిందండీ" అన్నాను.

ఆయన నన్ను అదే అనుమానంతో చూశాడు.

"మరి తెల్లసారు యేడ పెట్టుకుంటడు మేడం?"