పై గిన్నెలో నిన్నటి పని

మాతో పనిచేసే యూసుఫ్ భాయ్‌ది ఒకటే ప్రశ్న: "వాపస్ రానికి తోవ ఉన్నదా?" సాఫ్ట్‌వేర్ ఎంచుకోబోయినా, చొక్కా కొనబోయినా, వేములవాడ బస్సెక్కబోయినా ముందు అదే అడిగేవాడు. హోటల్లో ఇడ్లీ తెచ్చిన సర్వర్‌ని కూడా అడిగాడు, ఒట్టు.

మా ఆఫీసు జగిత్యాలలో. సిరిసిల్ల మగ్గాల కథను వీడియోలు, బొమ్మలు, చప్పుళ్ళతో పెద్ద యాప్‌గా తయారుచేస్తున్నాం. ఏ టూల్ వాడాలో తేల్చడానికి మా ఓనరు గోపాల్ రావు మీటింగ్ పెట్టారు.

"గిది సూడు భాయ్, బొమ్మలు ఎట్ల మెరుస్తున్నయో!"

"మంచిగున్నది సార్. గల్తి అయితే నిన్నటి పనికి వాపస్ పోవచ్చా?"

"గల్తి ఎందుకయితది?"

"మనుషులం గద సార్."

గోపాల్ రావు ఆ మెరిసే టూలే కొన్నారు; దాంట్లో నిన్నటి పనికి వెనక్కి పోయే వీలు లేదు. ఇక యూసుఫ్ భాయ్ రోజూ సాయంత్రం మా పనంతా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, టిఫిన్ డబ్బా పై గిన్నెలో పెట్టుకుని కోరుట్లకు పోయేవాడు. పొద్దున మళ్ళీ అదే గిన్నెలో తెచ్చేవాడు. భార్య సయీదా బేగం పోయాక ఆ కూర గిన్నెకు వేరే పని లేదు. ఇంట్లో ఆయనొక్కడే. కింది గిన్నెలో రోజూ పెరుగన్నమే.

"ఇయ్యాల ఏం కూర భాయ్?" అని మేం ఏడిపించేవాళ్ళం.

"మీ కష్టం," అనేవాడు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన సుస్మిత కళ్ళనీళ్ళతో కూర్చుంది. యాప్ ఫోన్లో త్వరగా తెరుచుకోవాలని చప్పుళ్ళన్నీ కుదించి, అసలువాటి మీదే సేవ్ చేసేసింది. సిరిసిల్ల నేతగాడు నర్సన్న దగ్గర రికార్డు చేసిన మగ్గం చప్పుడు కాస్తా దోమ రొద అయింది. మళ్ళీ రికార్డు చేద్దామంటే, ఆ మగ్గం ఎప్పుడో పాత ఇనుము కింద అమ్ముడుపోయింది.

"ఎవలు చేసిండ్రిది? ఇప్పుడే ఇంటికి పంపుత!" గోపాల్ రావు అరిచారు.

"నేనే సార్," అన్నాడు యూసుఫ్ భాయ్ డబ్బా మూత తీస్తూ. "నిన్నటిది ఉన్నది. వాపస్ పోదాం."

మగ్గం మళ్ళీ టకటకా ఆడింది. గోపాల్ రావు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

"మీ మీద ఎందుకు ఏసుకున్నరు సార్?" అంది సుస్మిత.

"తప్పు చేసినోళ్ళకు వాపస్ రానికి తోవ ఉండాలె బిడ్డా."

ఆ తర్వాత, ఇడ్లీ తెచ్చిన సర్వర్‌ని అడిగాడన్న జోకు నాకు మళ్ళీ వేయబుద్ధి కాలేదు.

"ఐతారం సిరిసిల్లకు, మా ఇంటికి అన్నానికి రావాలె సార్," అని సుస్మిత ఆయన్ని ఆదివారానికి పిలిచింది.

"కోరుట్లకు వాపస్ రానికి బస్సు ఉంటదా?"

"ఉంటది. కని మా అమ్మ జల్ది పోనియ్యది."

సోమవారం అలవాటుగా అడిగాను, "ఇయ్యాల ఏం కూర భాయ్?"

"వంకాయ. సుస్మిత వాళ్ళమ్మ కట్టిచ్చింది," అన్నాడు. హార్డ్ డిస్కు చొక్కా జేబులో ఉంది.