అసలు మాట ముందు చెప్పమన్న సార్

మా ఇంగ్లీషు సార్ పోయినవారం వనపర్తిలో తన ఇంట్లోనే కన్నుమూశారు. కొత్తకోటలో మెకానిక్ షెడ్డు నడిపే నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "సార్ పోయిండే. పొద్దుగాల్నే. నువ్వు బయలెల్లు" అని పెట్టేశాడు. సార్ దగ్గర చదువుకున్నవాళ్లు ఇట్లాగే మాట్లాడతారు. ముందు అసలు మాట, తర్వాత మిగతావన్నీ. ఆ ఒక్కటి ఆయన ఎంత నేర్పినా, అవసరమైన రోజున నాకు చేతకాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది పెబ్బేరు పక్కన ఊరు. అమ్మానాన్నలు ఏడాదిలో సగం రోజులు బొంబాయికి మట్టిపనికి పోయేవాళ్లు. తెలుగు మీడియంలో పది దాటి, వనపర్తిలో డిప్లొమాలో చేరాను. చివరి ఏడాది మన ప్రాజెక్టు గురించి బయటివాళ్ల ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పాలని, నోరు పెగలకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందేనని సీనియర్లు భయపెట్టేవాళ్లు. ఆ భయం పోగొట్టడానికి సార్ ప్రతి శనివారం ఒక్కొక్కరిని లేపి ఐదు నిమిషాలు మాట్లాడించేవారు.

నా వంతు వచ్చిన రోజు, గైడు చూసి బట్టీపట్టిన ప్రసంగం ఎత్తుకున్నాను. గుడ్ మార్నింగ్ టు ఒన్ అండ్ ఆల్, రెస్పెక్టెడ్ ప్రిన్సిపల్ సార్... అసలు ప్రిన్సిపల్ గారు ఆ గదిలోనే లేరు. ఐ యామ్ వెరీ హ్యాపీ టు స్టాండ్ బిఫోర్ యూ... పలకరింపులకే మూడు నిమిషాలు పోయాయి. సార్ బల్ల మీద వేలితో టక్కున కొట్టారు. ఎవరైనా విషయానికి రాకుండా చుట్టూ తిరుగుతుంటే అట్లా కొట్టడం ఆయనకు అలవాటు.

"ఆగు. మీ ఇంట్ల బర్రె సచ్చిపోతే మీ అమ్మ నీకు ఫోన్ల ఎట్ల చెప్తది?"

"బర్రె సచ్చిపోయిందే అంటది సార్."

"రెస్పెక్టెడ్ డాటర్, ఐ యామ్ వెరీ హ్యాపీ అనదు గద?"

క్లాసంతా ఘొల్లుమంది.

"గదే ఇంగ్లీషుల చెప్పు."

"బఫెలో ఈజ్ డైడ్ సార్."

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. సార్ నవ్వలేదు. "తప్పు గ్రామర్ల ఉన్నది, మాటల లేదు. గ్రామర్ రేపు దిద్దుకుందం. బర్రె సచ్చిందని అందరికి తెల్సిందా లేదా?" అన్నారు. ఇంగ్లీషులో నేను సొంతంగా చెప్పిన మొదటి వాక్యం అదే.

ఒకసారి పదిమందిని బస్సెక్కించి పెబ్బేరు సంతకు తీసుకెళ్లారు. ఇంగ్లీషు సార్‌కు పశువుల సంతలో ఏం పని అని మేం గొణుక్కున్నాం. అక్కడ ఎద్దును అమ్ముతున్న ఒక పెద్దాయనను చూపించారు. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్లు చూపించాడు, ఒక్క మాటలో ధర చెప్పాడు, గమ్మున నిలబడ్డాడు. "జూస్తున్నరా? చెప్పుడు అయిపోంగనే నోరు మూసిండు. ఎదుటోనికి ఆలోచించనీకె టైమిచ్చిండు. ఆయన చేతులు ఏడున్నయి? పగ్గం మీద. నీ చేతులు చున్నీతోని ఏం జేస్తున్నయే?" అన్నారు. అప్పటికీ నేను చున్నీ కొస మెలిపెడుతూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నిజం చెప్పాలంటే సార్‌ది అంత గొప్ప ఇంగ్లీషేం కాదు. అమ్రాబాద్ పక్క నుంచి వచ్చిన మనిషి. స్కూల్‌ను చివరిదాకా ఇస్కూల్ అనే అన్నారు. అట్లాగని తప్పును వదిలే రకమూ కాదు. ఎవరి పెళ్లికార్డు వచ్చినా అందులో ఇంగ్లీషు తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, పెళ్లికి వెళ్లి భోంచేసి, పెళ్లికొడుకు తండ్రి చేతిలో పెట్టి వచ్చేవారు. ఓసారి తనిఖీకి వచ్చిన ఒక అధికారి, సార్ మాట తీరుకు మా ముందే నవ్వాడు. ఆయన వెళ్లాక సార్, "నా ఇంగ్లీషుకు మన మన్ను అంటుకొని ఉంటది. కడుగుడు ఇగ నాతోని కాదు, మీరన్న జర కడుక్కోండ్రి" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది కానీ, ఆ రోజు ఇంకే పాఠమూ చెప్పలేదు.

చివరి ఏడాది నా డ్రిప్పు పంపు ప్రాజెక్టు మీద ఎనిమిది నిమిషాలు మాట్లాడాను. మధ్యలో ఒక మాట తట్టలేదు. ఆ, ఆ అని సాగదీయకుండా ఆగి, ఊపిరి పీల్చుకుని, తెలిసిన చిన్న మాటలతోనే ఆ సంగతి చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో వారానికి రెండుసార్లు ఇంగ్లీషులో ప్రెజెంటేషన్లు ఇస్తాను. బాగా చెప్తుందని పేరు కూడా ఉంది. నేను తినే ప్రతి ముద్దలో ఆయన కష్టం ఉంది. ఏం లాభం?

చనిపోవడానికి పది రోజుల ముందు సార్‌ను ఊపిరితిత్తుల జబ్బుతో హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో చేర్చారు. వెంట అమ్మ ఒక్కతే ఉంది. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఒక్కతే కూతురు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నేను రోజూ పొద్దున వెళ్లేదాన్ని. నాలుగో రోజు ఇద్దరు డాక్టర్లు వచ్చారు. లుంగీ కట్టుకుని, మాసిన గడ్డంతో, ఆక్సిజన్ మాస్కు కింద ఆయాసపడుతున్న ముసలాయనకు ఇంగ్లీషేం వస్తుందనుకున్నారో ఏమో, ఆయన ముందే ఇంగ్లీషులో మాట్లాడేసుకున్నారు. ఇక చేయగలిగిందేమీ లేదు. వారం గడవడం కష్టం. ఇంటికి తీసుకెళ్లి, చూడాల్సినవాళ్లను పిలిపించుకోవాలి. మూడే మూడు మాటలు. శనివారం క్లాసులో అయితే సార్ పదికి పది వేసేవారు. "మీకు ఇంగ్లీష్ వచ్చు కదా, ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి" అని నాతో అనేసి, వాళ్లు పక్క మంచానికి వెళ్లిపోయారు.

సార్ కళ్లు తెరిచే ఉన్నాయి. అంతా విన్నారు. మాస్కు తీస్తే ఊపిరాడదు, మాట్లాడలేరు. నా వైపే చూస్తున్నారు.

"ఏమన్నరు బిడ్డా?" అంది అమ్మ.

నేను అమ్మ వైపు తిరిగాను. "మంచిగనే చూస్తున్నరమ్మా. ఇంటికాడ అయితే గాలి మంచిగుంటది, మందులు ఆడ్నే వాడుకోవచ్చు అంటున్నరు..."

మంచం ఇనుపపట్టీ మీద టక్‌మని చప్పుడైంది. సార్ వేలు.

"మరి పిల్లను పిలిపియ్యాల్నా? సెలవు దొరుకుతలేదు అంటుంది."

మళ్లీ టక్‌మంది.

"ఊకె పరేషాన్ జేసుడు ఎందుకమ్మా? జర తగ్గినంక నిమ్మలంగ వస్తది."

మూడోసారి చప్పుడు రాలేదు. సార్ కళ్లు మూసుకున్నారు.

అమ్మ మొహం తేటపడింది. అది చూసి, ఆ పూటకు నేనేదో మంచిపని చేశాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అమ్మ ఏడిస్తే చూడలేను, అదీ సంగతి. పిరికితనం, ఇంకేం లేదు.

ఇంటికి తీసుకెళ్లిన ఐదో రోజున సార్ పోయారు. కూతురు బెంగళూరు నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆమె కోసమే ఆపి, ఆమె చూశాక మట్టి చేశారు. తండ్రి గొంతు విని ఆమెకు నెల దాటిందట.

మర్నాడు పొద్దున ముందుగదిలో మేం ముగ్గురమే ఉన్నాం. కూతురు తల్లిని అడుగుతోంది. "నాలుగొద్దుల ముందు చెప్తే ఉరికొస్తుంటి గదమ్మా. పానం ఉండంగ ఒక్కసారన్న నాయిన మొకం జూస్తుంటి. ఎందుకు పిల్వలే?"

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె కళ్లల్లో కోపం లేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "పెద్ద డాక్టర్లు, జల్ది జల్ది మాట్లాడిండ్రు. వాళ్ల ఇంగ్లీషు నీకు సరిగ అర్థం గాలేదేమో. అంతే గద బిడ్డా?"

అవునంటే అయిపోయేది. పల్లెటూరి పిల్ల, డాక్టర్ల ఇంగ్లీషు, అర్థం కాలేదు పాపం అనుకునేవాళ్లు. కానీ అట్లా అంటే, సార్ నాకేమీ నేర్పలేదని ఆయన ఇంట్లోనే కూర్చుని చెప్పినట్టవుతుంది.

"అర్థమైందమ్మా" అన్నాను. "వారం గూడ కష్టం అన్నరు. పిల్లను పిలిపియ్యమన్నరు. నేనే నీకు చెప్పలే."

కూతురు లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది. నా చెయ్యి ఇంకా అమ్మ ఒళ్లోనే ఉంది. దాన్ని ఆమె తీసేయలేదు, పట్టుకోనూ లేదు.