నున్నగా చేసిన పురుగులు

గల్ఫ్‌లో సముద్రం ఒడ్డునున్న సూర్‌లో నాది సరియాలు, అంటే స్లాబుల్లో వేసే ఇనుప కడ్డీలు, కట్టే పని. పొద్దున్నుంచి నడుం వంచి, చేతిలో కొక్కెం పట్టుకొని, సన్నటి తీగతో సరియాకు సరియా బిగించడమే డ్యూటీ. పోయిన ఎండాకాలం రెండుసార్లు సైట్‌లోనే కళ్లు తిరిగి పడ్డాను. ఇంకోసారి పడితే లేవలేనని భయం పట్టుకుంది. కంపెనీ స్టోర్‌లో పనిచేసే మనిషి ఊరికి వెళ్లిపోతున్నాడని తెలిసినప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు. స్టోర్ అంటే నీడ, ఫ్యాను, అడిగినవాళ్లకు సామాను తీసి ఇవ్వడం. ఎండాకాలం వచ్చేలోపు అందులో పడాలి, అంతే.

ఆ పని ఇచ్చేది మా మేనేజరు. ఏదో చలిదేశం నుంచి వచ్చిన తెల్లాయన. ఒకరోజు సైట్‌కు వచ్చి నేను కట్టిన కట్లను వంగి మరీ చూశాడు. తీగ కొసలన్నీ లోపలికి మడిచి, ఒకే తీరుగా ఉంటాయి. సిరిసిల్లలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, చేయి వేరేలా కట్టమన్నా కట్టదు. ఆ శుక్రవారం ఆయన డ్రైవరు నన్ను విల్లాకు తీసుకెళ్లాడు. డ్రైవరు కడప భాయ్, మా ఇద్దరి మధ్య మాటలు ఆయనే మోసేవాడు.

"ఏం లేదన్నా, సార్‌కు చేతులు వణుకుతాండాయి. చేపల గాలాలకు పురుగులు కట్టాలంట. నువ్వు కట్టిపెడితే సరిపాయె," అన్నాడు.

ఆ చేప పేరు ట్రౌట్. ఆయన దేశంలో చల్లటి నదుల్లో ఉంటుందట. నీటి అడుగున రాళ్ల మధ్య పాకే, ఇంకా రెక్కలు రాని పురుగులను తింటుందట. అలాంటి పురుగును గాలం మీద దారంతో, ఈకతో, కుందేలు బొచ్చుతో కట్టాలి. గాలానికి ముందు బరువైన పూస ఎక్కించి, దాని వెనక సీసపు తీగ చుడితే అది అడుగుకు దిగుతుంది. పైనుంచి ప్రవాహంలోకి విసిరి, రాళ్లకు తగులుతూ దొర్లిరానిచ్చి, దారం కాస్త ఆగినట్టనిపించగానే లాగాలని చేతులు ఊపి చూపించాడు. ఆ కాసేపు ఆయన మొహం పిల్లాడి మొహంలా ఉండేది. నాకూ నచ్చాడు, దాచడం దేనికి.

రూంలో మాత్రం నవ్వులే నవ్వులు. "ఎదురుంగ సముద్రం పెట్టుకోని ఏడనో నదిల ఉన్న చేపకు పురుగులు కడుతున్నవా? నీ తెలివి సల్లగుండ!" అన్నారు. కట్టేది చేపకు కాదు, స్టోర్‌కని వాళ్లకు చెప్పలేదు.

రెండు శుక్రవారాల్లో చేయి తిరిగింది. కానీ మేనేజరుకు నచ్చలేదు. సూది తీసుకొని, నేను చక్కగా చుట్టిన బొచ్చును గీకి, పోగులు పోగులుగా పైకి లేపాడు. గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేశాడు. ఆ పోగులు నీళ్లలో విచ్చుకొని మెల్లగా కదిలాయి. "రఫ్. రఫ్ అచ్ఛా," అన్నాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

నేను తలూపాను. లోపల మాత్రం ఒప్పుకోలేదు. మా ఇంట్లో పోగు లేస్తే తప్పు. పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వేది ఆ నూగు అణగడానికే. నేను నేసిన బట్ట మీద మా నాన్న మునివేళ్లతో రాసి చూసేవాడు, గరుకు తగిలితే ఆ చేత్తోనే నా వీపు మీద ఒకటి పడేది. ఆ దెబ్బలు తిన్నవాడికి చిరిగిన గోనెసంచిలా ఉన్న పురుగును ఇచ్చి ఉద్యోగం అడగడానికి మనసొప్పలేదు. తెల్లాయనకు చేపలు తెలుసుగానీ పనితనం ఏం తెలుసు అనుకున్నాను.

ఆయన సెలవు మీద తన దేశం వెళ్లే ముందు రెండు డబ్బాల నిండా కట్టిపెట్టమన్నాడు. సామాను రూంకు తెచ్చుకొని కట్టాను. చివరి ముడి మీద చుక్క వేయడానికి ఇచ్చిన వార్నిష్‌ను, గంజి పట్టించినట్టు ఒళ్లంతా పట్టించాను. ఒక్క వెంట్రుక లేవకుండా పళ్లు తోముకునే బ్రష్‌తో దువ్వాను. ఆరాక మెరిసిపోయాయి. నా జన్మలో అంత శుభ్రమైన పని చేయలేదు. ఆయన ఎయిర్‌పోర్ట్ హడావుడిలో డబ్బా మూత తెరిచి, చూసీ చూడనట్టు మూసి, బ్యాగులో వేసుకున్నాడు.

"సాబ్, స్టోర్ కా కామ్..." అన్నాను.

"దేఖేంగే. ఛుట్టీ సే ఆకే దేఖేంగే," అన్నాడు.

వచ్చాక చూద్దామన్న ఆ మాట పట్టుకొని ఎండాకాలమంతా లాగాను. సరియా ముట్టుకుంటే గ్లవ్స్‌లోంచి కూడా చురుక్కుమనేది. వాంతులయ్యేవి, మొహం కడుక్కొని మళ్లీ వంగేవాణ్ణి. సార్ వస్తే అయిపోతుందిలే అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయన వచ్చాక శుక్రవారం కబురొచ్చింది. బల్ల మీద నా రెండు డబ్బాలు. దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. భాయ్ నా మొహం చూడకుండా చెప్పాడు. "ఒక్క చేప గుడక ముట్టలేదంటన్నా. పురుగులు సచ్చినట్టుండాయంట. అన్నీ కోసేసి, గాలాలు, పూసలు యేరియ్యమంటాండాడు. అయ్యి ఖరీదంట."

బ్లేడు తీసుకొని కూర్చున్నాను. వార్నిష్ గట్టిగా పట్టింది, తొందరగా తెగలేదు. ఒక్కో పొర విప్పుతుంటే నా చేతి చుట్లు నాకే కనపడుతున్నాయి. మేనేజరు ఎదురుగా కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాడు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. చెప్పిన మాట విననందుకు స్టోర్ నా చేతులతో నేనే పోగొట్టుకున్నానని కుమిలిపోయాను. ఒక డబ్బా ఖాళీ అయ్యాక ధైర్యం చేసి మళ్లీ అడిగాను.

ఆయన తలెత్తి, నిజంగానే ఆశ్చర్యపోయాడు. భాయ్‌తో ఏదో అన్నాడు. భాయ్ నా వైపు తిరిగాడు.

"సెలవుకు పోకముందే స్టోర్‌లో యేరేవాళ్లను యేసేసినాడంట. నీకెవురూ చెప్పలేదా అని అడుగుతాండాడు."

అంటే ఆ పురుగులకు నదిలోని చేపలన్నీ పడినా నేను సరియాల దగ్గరే ఉండేవాణ్ణి. బ్లేడు బల్ల మీద పెట్టి లేచి రావచ్చు. శుక్రవారం నా సెలవు, అది కంపెనీ పని కూడా కాదు. నేను రెండో డబ్బా దగ్గరకు లాక్కున్నాను. ఒక్కొక్కటే కోసి, పూసలు ఒక పక్క, గాలాలు ఒక పక్క పోశాను. ఆయన థాంక్స్ చెబుతూ "షుక్రన్" అంటే నవ్వాను కూడా. అంత చక్కగా కట్టినవాటిలో ఒక్కటైనా జేబులో వేసుకొని రావలసింది. ఆ మాత్రం దొంగతనానికి కూడా నాకు చేయి రాలేదు.